గడ్డి బొమ్మల కిట్ రివ్యూ: ఫ్రేములు ఉంచుకోండి, విత్తనాలు మార్చుకోండి

ముందే చెప్పేస్తా, విత్తనాలు వేసి నీళ్ళు పోస్తే జుట్టులా, ఒంటి మీద బొచ్చులా గడ్డి పెరిగే బొమ్మల కిట్ ఇది, కొనొచ్చా అంటే కొనొచ్చు, కానీ డబ్బా మీద ఫోటో చూసి మాత్రం కొనకండి. ఆ ఫోటోలో కుందేలుకి చెవుల చివర్ల నుంచి కడుపు కింద దాకా ఒకే ఎత్తులో, ఒకే పచ్చదనంతో గడ్డి ఉంటుంది, వేలు పెట్టేంత ఖాళీ కూడా ఉండదు. ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే అలా రాదు. రాకపోవడానికి సగం కారణం గడ్డి పెరిగే పద్ధతే, దానికి కంపెనీని తిట్టి లాభం లేదు. మిగతా సగం మాత్రం కంపెనీదే, అది కూడా చెప్తా.

డబ్బాలో ఏముంటాయంటే రెండు నైలాన్ సాక్సులు, మూడు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) బిళ్ళలు, హార్ట్ షేపులో వంచిన తీగ ఫ్రేము, రెండు ముక్కలుగా వచ్చి క్లిప్పులతో కలిసే కుందేలు జాలీ, కొంచెం ఎండు నాచు, పల్చటి ప్లాస్టిక్ ట్రే, అతికించే కళ్ళు, బుల్లి స్ప్రే సీసా, ఒక విత్తనాల పాకెట్, మడతపెట్టిన కాగితం ఒకటి. వీటిలో నిజంగా బాగున్నవి జాలీ, కోకోపీట్. స్ప్రే సీసా బొమ్మల సీసానే, నాలుగు రోజులు కొడితే దాని పంపు పట్టేస్తుంది, ఇంట్లో ఏ స్ప్రే బాటిల్ ఉంటే అది వాడుకోండి. ఆ కాగితం గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది, బొమ్మలు గీసి బాణాలు పెట్టారు కానీ ఎన్ని నీళ్ళు, ఎంత వెలుతురు, ఎప్పుడు కత్తిరించాలి అన్న అసలు విషయాలు ఒక్కటీ లేవు.

మా ఇంట్లో ఇద్దరు, పెద్దది తొమ్మిదేళ్ళది, చిన్నోడు ఐదు. వాళ్ళకి బాగా నచ్చింది బొమ్మ కాదు, కోకోపీట్ బిళ్ళ. గోరువెచ్చటి నీళ్ళు పోస్తుంటే అది మెల్లగా పైకి ఉబ్బుతూ పక్కలకి విరిగిపోయి పొడి పొడిగా అవుతుంటే చిన్నోడు బకెట్లో మొహం పెట్టేసి "అక్కా ఇది ఊపిరి పీలుస్తుందే" అంటాడు, పెద్దది "కాదురా, కొబ్బరి పీచు పొట్టు, ఎండబెట్టి నొక్కేసారు, ఇప్పుడు నీళ్ళు తాగుతుంది" అని టీచర్ లెవెల్లో చెప్తుంది. నిజమే, కోకోపీట్ గొప్పతనం అదే, తన బరువుకి చాలా రెట్ల నీళ్ళు పట్టుకుని కూడా మధ్యలో గాలి ఉండనిస్తుంది, మొలకకి రెండూ కావాలి. మామూలు తోట మట్టి సాక్సులో కూరితే తడికి గడ్డకట్టుకుపోయి బరువెక్కుతుంది, రంపపు పొట్టు అయితే తేలిగ్గానే ఉంటుంది కానీ పైన తడి త్వరగా ఆరిపోతుంది. పోసిన నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనిపిస్తే పిడికిలితో పిండండి, రెండు మూడు చుక్కలు రాలితే చాలు, ధార కారితే ఇంకా పిండాలి.

సాక్సు బొమ్మ, అంటే గడ్డి జుట్టు మొహం, చేయడం అందరికీ తెలిసిందే కానీ ఒక్క విషయంలో చాలామంది తేడా చేస్తారు. విత్తనాలు ముందు వేయాలి. సాక్సు వేళ్ళ కొసలో విత్తనాలు పోసి, బల్ల మీద తట్టి, అవి ఒక మందపాటి పొరలా పరుచుకున్నాక దాని మీద కోకోపీట్ కూరాలి, అప్పుడు తిరగేస్తే విత్తనాలు నెత్తిన ఉంటాయి. కోకోపీట్‌లో కలిపేసి కూరితే సగం విత్తనాలు లోపల చీకట్లో మొలిచి బయటికి దారి దొరక్క లోపలే కుళ్ళిపోతాయి. ఇంకోటి, గట్టిగా కూరాలి. పిల్లలు వదులుగా కూరి ముడేసేస్తారు, నీళ్ళు తగలగానే అది కుంగిపోయి మొహం ముసలిదైపోతుంది, విత్తనాలకి కోకోపీట్ ఆనకుండా మధ్యలో గాలి మిగులుతుంది, ఆనకపోతే తడి అందదు, తడి అందకపోతే మొలవదు. ముక్కుకి కొంచెం కండ బయటికి లాగి రబ్బర్ బ్యాండ్ వేసి మెలితిప్పితే చాలు. చెవులు కూడా అంతే. ఇక్కడ మా పెద్దది ముక్కు మరీ పెద్దది పెట్టింది, అయినా మొహానికి భలే కళ వచ్చింది, అందంగా చేసినదానికంటే ఇలా వంకరగా చేసినవే బాగుంటాయి.

సాక్సు ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. కిట్‌లో ఇచ్చిన రెండిట్లో ఒకటి పల్చటిది, ఒకటి మందం, ఎందుకిచ్చారో వాళ్ళకే తెలియాలి. మందం దాంట్లో మొలకలు గుడ్డని గుచ్చుకుని రాలేక లోపలే అడ్డంగా పాకి, ఎక్కడో నేత వదులుగా ఉన్న చోట గుత్తిగా బయటికొచ్చాయి, మొహానికి నుదుటి మీద ఒక్క పిలక మొలిచినట్టుంది. చిన్నోడు దానికి పేరు కూడా పెట్టేసాడు. మీకు కూడా అలాంటిది వస్తే పెద్ద ఇబ్బందేం కాదు, సన్నటి పిన్నీసుతో లోపలి మొలకలు ఉన్న చోట నేతని కాస్త సడలించండి, దారి దొరికాక మిగతావి అవే వస్తాయి.

ఇక అసలు సంగతి, విత్తనాలు. పాకెట్ మీద "గ్రాస్ సీడ్" అని తప్ప ఇంకో ముక్క లేదు. ఏ గడ్డో లేదు, ఎప్పుడు పాక్ చేసారో లేదు. డబ్బా మీద మాత్రం "5 రోజుల్లో మొలకలు" అని పెద్ద అక్షరాలు. గడ్డి అంటే ఒకటే గడ్డి కాదు కదండీ. లాన్లలో వేసే రకాల్లో రై గడ్డి అయితే 5 నుంచి 10 రోజుల్లో మొలుస్తుంది, టాల్ ఫెస్క్యూ అయితే ఒకటి రెండు వారాలు, కెంటకీ బ్లూగ్రాస్ అయితే 2 నుంచి 4 వారాలు కూడా పట్టొచ్చు, గరిక విత్తనం అయితే వేడి బాగా ఉంటేనే కదులుతుంది, లేకపోతే అది కూడా వారాలు తీసుకుంటుంది. ఐదేళ్ళ పిల్లాడికి ఈ తేడాలన్నీ ఎవరు చెప్తారు, వాడికి ఐదు అంటే ఐదే, ఆరో రోజు పొద్దున్న "అమ్మా ఇది చచ్చిపోయిందా" అని మొదలుపెడతాడు. పైగా గడ్డి విత్తనం పాతబడేకొద్దీ మొలిచే శక్తి తగ్గిపోతుంది, పొడిగా చల్లగా ఉంచినా రెండు మూడేళ్ళు దాటితే నమ్మలేం, వేడిగా తేమగా ఉన్న గోడౌన్‌లో పడుంటే ఇంకా త్వరగా పాడవుతుంది. మాకు వచ్చిన పాకెట్ అలాంటిదే అని నా గట్టి అనుమానం, ఎందుకంటే రెండో వారంలో వచ్చిన మొలకలు కూడా అక్కడొకటి ఇక్కడొకటి, చూస్తే బట్టతలకి అటూ ఇటూ నాలుగు వెంట్రుకలు.

అందుకని బొమ్మ చేసేముందే ఒక చిన్న పరీక్ష చేసుకోండి, దీనికి ఖర్చేం లేదు. తడి టిష్యూ కాగితం మీద ఒక 20 గింజలు వరసగా పెట్టి, మడతపెట్టి, మూత ఉన్న డబ్బాలో వేసి, వెచ్చగా ఉండే చోట ఉంచండి. పది రోజుల్లో 15, 16 మొలిస్తే విత్తనం బాగున్నట్టే. సగం కూడా రాకపోతే రెట్టింపు వేసినా లాభం తక్కువే, మొలవని గింజలన్నీ తడికి బూజు పట్టి పక్కన మొలిచేవాటిని కూడా పాడుచేస్తాయి. పిల్లలకి ఈ పరీక్షే ఒక ఆట, లెక్కపెట్టడం వాళ్ళకి వదిలేయండి.

మేం తర్వాత విడిగా రై గడ్డి విత్తనాలు తెచ్చి అదే ఫ్రేముల్లో మళ్ళీ పెట్టాం, అప్పుడు తెలిసింది ఫ్రేముల డిజైన్‌లో లోపం లేదని. రై గడ్డిని గట్టిగా రికమెండ్ చేస్తా, గింజ పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది, కిలోకి సుమారు 5 లక్షల గింజలు తూగుతాయి, గరిక అయితే అదే కిలోకి సుమారు 40 లక్షలు ఉంటాయి, అంత సన్న గింజని చిన్న పిల్లల చేతికిస్తే సగం నేల మీదే. గది 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే రై హాయిగా మొలుస్తుంది, మరీ ఎండలు మండే రోజుల్లో మాత్రం డల్ అయిపోతుంది, అప్పుడు గరికే నయం. అస్సలు ఓపిక లేని పిల్లలుంటే గోధుమలు వేయండి, నానబెట్టి వేస్తే రెండు మూడు రోజుల్లో ముక్కు బయటపెడతాయి, వారం పది రోజుల్లో జానెడు ఎత్తుకి దగ్గరగా వెళ్ళిపోతాయి, గింజలోనే బోలెడు ఆహారం దాచుకుని ఉంటాయి కాబట్టి ఎరువు కూడా అక్కర్లేదు. కానీ గోధుమ గడ్డి వెడల్పుగా, మొరటుగా ఉంటుంది, ట్రేలోకి, హార్ట్ ఫ్రేములోకి బాగుంటుంది, మొహానికి జుట్టు లాగా పెడితే అంత నాజూగ్గా రాదు. రెండు మూడు సార్లు కత్తిరిస్తే నీరసపడిపోతుంది కూడా. రై అలా కాదు, కత్తిరించేకొద్దీ పక్కలకి పిలకలేసి గుబురవుతుంది.

బూజు విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే సగం మంది ఇక్కడే భయపడి బొమ్మని చెత్తబుట్టలో పడేస్తారు. మొలక వచ్చిన మొదట్లో గింజ చుట్టూ తెల్లగా, మెత్తగా దూది నూగులాంటిది కనిపిస్తుంది. మా అత్తయ్యగారు చూసి "బూజు పట్టేసిందమ్మా, పిల్లల చేతికివ్వకు" అన్నారు. అది బూజు కాదు, వేర్ల నూగు, నీళ్ళు పీల్చుకోడానికి వేరు వేసుకునే సన్నటి వెంట్రుకలు. తేడా తెలుసుకోవడం తేలికే, దాని మీద నీళ్ళు స్ప్రే చేయండి, వేర్ల నూగైతే వేరుకి అతుక్కుపోయి కనిపించకుండా పోతుంది, ఆరాక మళ్ళీ లేస్తుంది, పైగా ప్రతి వేరు చుట్టూ ఒకే పద్ధతిలో ఉంటుంది. బూజైతే నీళ్ళు కొట్టినా అక్కడే ఉంటుంది, గింజ నుంచి గింజకి సాలెగూడులా అల్లుకుంటుంది, ముక్కిపోయిన వాసన వస్తుంది. మా అత్తయ్యగారికి స్ప్రే కొట్టి చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసారు, ఆ తర్వాత రోజూ పొద్దున్నే మొదట వెళ్ళి చూసేది ఆవిడే. నిజంగా బూజు పడితే నీళ్ళు తగ్గించి గాలి తగిలే చోట పెట్టండి, మొలకలొచ్చాక కూడా పాలిథిన్ కవర్ కప్పి ఉంచితే బూజుని పిలిచి కూర్చోబెట్టినట్టే, ఆ కవర్ మొలకెత్తే దాకానే.

ఇప్పుడు ఆకారాల సంగతికొద్దాం, కుందేలు ఫోటోలోలాగా ఎందుకు రాదో. గడ్డి ఎక్కడ నాటినా పైకే లేస్తుంది. గోడకి అడ్డంగా అంటించినా మొలక బయటికి రాగానే వంపు తిరిగి ఆకాశం వైపు చూస్తుంది, భూమి ఎటు లాగుతుందో దానికి తెలుసు, దానికి ఎదురుగా పెరుగుతుంది. కాబట్టి కుందేలు వీపు మీద, నెత్తి మీద గడ్డి నిటారుగా అందంగా వస్తుంది, పక్కల మీద మాత్రం వంగి పైకి దువ్వినట్టు వస్తుంది, కడుపు కింద పెట్టినవి వెలుతురూ తడీ రెండూ సరిగా అందక పల్చగా వచ్చి కొన్నాళ్ళకి ఎండిపోతాయి. పైన పోసిన నీళ్ళు కిందకి జారిపోతాయి కాబట్టి నెత్తి ఎండిపోవడం, అడుగు నానిపోవడం ఇంకో సమస్య. ఇది తెలిసి బొమ్మ ఎంచుకుంటే నిరాశ ఉండదు. నా లెక్కలో సాక్సు మొహం అన్నిటికన్నా బెస్ట్, జుట్టు ఎలాగూ పైకే కదా కావాలి. తర్వాత ట్రేలో హార్టు, అక్షరాలు, నక్షత్రాలు, ఇవి బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి అంచు నీటుగా కత్తిరిస్తే ఆకారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లల పేర్లలో మొదటి అక్షరం ట్రేలో వేయండి, గ్యారంటీగా హిట్. ముళ్ళపంది లాంటి బోర్లా పడుకున్న ఆకారం పర్వాలేదు. నాలుగు కాళ్ళ మీద నిలబడే జంతువులు చివర్న, ఓపికుంటేనే.

డబ్బా మీద ఫోటోకి ఒళ్ళంతా పచ్చదనం ఎలా వచ్చిందంటే అది గడ్డి కాకపోవచ్చు అని మా ఆయన అన్నారు, నాకూ అదే అనిపించింది. 1977 నుంచి అమెరికాలో చియా పెట్ అనే మట్టి బొమ్మలు అమ్ముతున్నారు, 1982లో వచ్చిన పొట్టేలు బొమ్మతో అవి బాగా పాపులర్ అయ్యాయి, వాటి మీద పెంచేది గడ్డి కాదు, తులసి, పుదీనా కుటుంబానికి చెందిన చియా మొక్క. చియా గింజ తడవగానే చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది, గీతలు గీసిన మట్టి బొమ్మకి పక్కలనైనా అలాగే అంటుకుని ఉంటుంది, గుండ్రటి చిన్న ఆకులు కాబట్టి ఒళ్ళంతా కప్పినట్టు కనిపిస్తుంది. గడ్డి గింజకి ఆ జిగురు లేదు, అందుకే సాక్సో, జాలీయో, నాచో, ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి. మీకు కావాల్సింది డబ్బా ఫోటోలో కుందేలే అయితే జాలీ మీద తడి నాచు కప్పి చియా గింజల ముద్ద పూయండి, గడ్డి కిట్‌తో కుస్తీ పట్టకండి. కత్తిరించి ఆడుకోవడం మాత్రం చియాతో కుదరదు, పైన కోస్తే అంతే సంగతులు.

గడ్డితో ఉన్న మజా అదే మరి, కత్తిరింపు. గడ్డి ఆకు పెరిగేది కొసన కాదు, అడుగున, కాబట్టి పైన కోసినా కింద నుంచి మళ్ళీ వస్తుంది. జుట్టు ఒక నాలుగు వేళ్ళ ఎత్తు దాటే దాకా ఆగి, ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ తీయకుండా కోయండి. మా వాళ్ళు కత్తెర పట్టుకున్న రోజు ఇంట్లో సెలూన్ తెరిచారు, తువ్వాలు కట్టారు, నీళ్ళు కొట్టారు, దువ్వెన పెట్టి దువ్వారు, పెద్దది మధ్యపాపిడి తీద్దామని, చిన్నోడు నిక్కబొడుచుకున్న క్రాపు కావాలని కాసేపు గొడవ, చివరికి ఒకళ్ళ బొమ్మ జోలికి ఇంకొకళ్ళు వెళ్ళకూడదని ఒప్పందం. కోసిన వెంటనే పచ్చి గడ్డి వాసన గదంతా నిండిపోయింది. రెండు మూడు సార్లు కోసేసరికి అంచులు గట్టిపడి, గుబురై, డబ్బా ఫోటోలో ఉన్నంత కాకపోయినా చూసినవాళ్ళు అడిగేంత బాగా తయారైంది. ఆకారం అనేది ఫ్రేములోంచి కంటే కత్తెరలోంచే ఎక్కువ వస్తుంది, ఆ కాగితంలో దీని గురించి ఒక్క లైను లేకపోవడం అన్యాయం. పిల్లల కోసం మొద్దు మొన ఉన్న కత్తెర చాలు, కానీ పదునుండాలి, పదును లేనిది గడ్డిని కోయదు, నలుపుతుంది, కొసలు గోధుమరంగులోకి తిరుగుతాయి.

కిటికీ దగ్గర పెడితే రోజుకోసారి తిప్పండి, లేకపోతే జుట్టంతా వెలుతురు వైపు వాలిపోతుంది. డార్విన్ తన కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి సరిగ్గా దీని మీదే గడ్డి మొలకలతో ప్రయోగాలు చేసి 1880లో ప్రచురించాడు, మొలక కొసకి టోపీ పెట్టి వెలుతురు తగలకుండా చేస్తే అది వంగలేదు, కింది భాగం మూసినా కొస తెరిచి ఉంచితే వంగింది, అంటే వెలుతురుని చూసేది కొస, వంగేది కింది భాగం. పెద్ద పిల్లలుంటే సిల్వర్ ఫాయిల్‌తో చిన్న చిన్న టోపీలు చేసి అప్పుడే మొలిచిన గోధుమ మొలకలకి పెట్టి చూడొచ్చు, మా పెద్దదానికి బొమ్మ కంటే ఇది నచ్చింది. టోపీలు పెట్టేటప్పుడు మొలకలు విరుగుతాయి, కొన్ని ఎక్కువే పెట్టుకోండి.

ట్రేలో పెంచేవాళ్ళు తప్పకుండా చేయాల్సింది ఇంకోటుంది, కిట్‌లో చెప్పలేదు కానీ నా దృష్టిలో ఆకారాలు వేయడానికి ఇంతకంటే మంచి దారి లేదు. వెలుతురు లేని చోట మొలిచిన గడ్డి పచ్చబడదు, లేత పసుపుగా ఉండిపోతుంది. ఇంగ్లండ్‌లో హెదర్ ఆక్రాయిడ్, డాన్ హార్వే అనే ఇద్దరు కళాకారులు ఈ ఒక్క సూత్రం మీద గడ్డితో మనుషుల ఫోటోలే వేసారు, నిలువు పలక మీద బంకమట్టి పూసి, విత్తనాలు అంటించి, చీకటి గదిలో దాని మీద నెగటివ్ ప్రొజెక్ట్ చేస్తూ పెంచుతారు, వెలుతురు ఎక్కువ పడ్డ చోట ముదురు పచ్చ, తక్కువ పడ్డ చోట పసుపు, మధ్యలో అన్ని ఛాయలూ వస్తాయి. 2007లో వీళ్ళు లండన్‌లోని నేషనల్ థియేటర్ ఫ్లైటవర్ (స్టేజీ పైన ఉండే ఎత్తైన కట్టడం) గోడల మీదే గడ్డి పెంచారు. మనకి అంత అక్కర్లేదు. మొలకలు అర అంగుళం ఉండగా నల్ల అట్టలో నక్షత్రమో చేపో కత్తిరించి ఆ రంధ్రం ఉన్న అట్టని ట్రే మీద కాస్త ఎత్తులో పెట్టండి, గడ్డికి ఆనకూడదు, పక్కల నుంచి వెలుతురు దూరకుండా చూసుకోండి. నాలుగైదు రోజులయ్యాక తీస్తే రంధ్రం కింద గడ్డి పచ్చగా, చుట్టూ లేత పసుపుగా కనిపిస్తుంది. అట్ట తీసాక మాత్రం ఒకటి రెండు రోజుల్లో మొత్తం పచ్చబడిపోతుంది, ఫోటో తీసుకోవాలనుకుంటే వెంటనే తీసుకోండి. అన్నట్టు ఆ ఇంగ్లండ్ కళాకారులు ఎక్కువకాలం ఉండాల్సిన గడ్డి ఫోటోలకి రంగు త్వరగా పోని గడ్డి రకాన్ని వేల్స్ శాస్త్రవేత్తల దగ్గర నుంచి తీసుకున్నారు, మన ట్రేకి అంత సీన్ లేదు.

పిల్లలున్న ఇల్లు కాబట్టి జాగ్రత్తలు కొన్ని, ఇవి మాత్రం దయచేసి స్కిప్ చేయకండి. కిట్‌లో కళ్ళు అతికించే జిగురు తడికి రెండు రోజుల్లో వదిలేసింది, కళ్ళు రాలి కింద పడ్డాయి, మూడేళ్ళలోపు పిల్లలుంటే అవి నోట్లోకి వెళ్ళే సైజు, చాలా ప్రమాదం. కళ్ళు ముందే సాక్సుకి దారంతో కుట్టేయండి, లేదా తడికి చెరగని మార్కర్‌తో గీసేయండి. కొన్ని కిట్లలో కోకోపీట్‌కి బదులు నీళ్ళకి ఉబ్బే రంగు రంగు జెల్ పూసలు ఇస్తున్నారు, చిన్నపిల్లలున్న ఇంట్లో అవి వద్దే వద్దు, మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. విడిగా విత్తనాలు కొంటే గులాబీ, నీలం, ఆకుపచ్చ లాంటి రంగు పూసి ఉన్నాయేమో చూడండి, మందు పట్టించిన విత్తనాలకి గుర్తుగా అలా రంగేస్తారు, అవి పిల్లల చేతికి ఇవ్వకూడదు. పిల్లి ఉన్నవాళ్ళు గోధుమో ఓట్సో బార్లీయో వేసుకోండి, పిల్లి ఎలాగూ కొరుకుతుంది. లాన్ కోసం అమ్మే రై రకాల్లో కొన్నిటిలో గడ్డి లోపలే బతికే ఒక ఫంగస్ ఉంటుంది, పురుగు పట్టకుండా కాపాడుతుంది కానీ ఆ గడ్డి మేసిన గొర్రెలు, పశువులు వణుకుతూ తూలిపోవడం తెలిసిన జబ్బే, కాబట్టి లాన్ విత్తనంతో పెంచింది ఏ జంతువుకీ పెట్టకండి.

ఎన్నాళ్ళుంటుంది అంటే, మొహం బొమ్మని సరిగా చూసుకుంటే నెల నుంచి రెండు నెలల దాకా బాగానే ఉంటుంది. మూడో వారం దాటాక రంగు తగ్గుతుంది, గింజలో దాచుకున్నది అయిపోయింది, కోకోపీట్‌లో పోషకాలు దాదాపు ఏమీ ఉండవు. అప్పుడు ద్రవ ఎరువు ఏదైనా సీసా మీద చెప్పిన దాంట్లో సగం బలంగా కలిపి వారానికోసారి పోస్తే మళ్ళీ తేరుకుంటుంది. నీళ్ళు పైనుంచి గుమ్మరించకుండా సాసర్‌లో పోసి కింద నుంచి పీల్చుకోనివ్వండి, అరగంట తర్వాత మిగిలినవి పారబోయండి. హార్ట్ ఫ్రేము తీగకి పూత సరిగా లేదు, తడికి తుప్పు మొదలైంది, పెట్టేముందు ఒక కోటు పెయింట్ వేసుకోవడం మేలు. జాలీ మాత్రం ఎన్నిసార్లు కడిగి వాడినా చెక్కు చెదరలేదు, క్లిప్పులు గట్టివి, దీనికి ఫుల్ మార్కులు.

విత్తనాలు మొలవలేదని కంప్లైంట్ పెడితే మర్యాదగానే మాట్లాడారు, ఇంకో పాకెట్ పంపారు, త్వరగానే వచ్చింది. తీరా చూస్తే దాని మీద కూడా ఏమీ రాసి లేదు, మొలవడం కూడా అదే పాట. సర్వీసుకి మార్కులు ఇస్తా, పాకెట్‌కి ఇవ్వను.

మొత్తం మీద ఐదుకి మూడున్నర. ఫ్రేములు, కోకోపీట్ వల్ల నాలుగు ఇద్దామనుకున్నా, కానీ పిల్లల కిట్ అని అమ్ముతూ రెండు రోజుల్లో ఊడిపోయే కళ్ళు ఇచ్చినందుకు అర కోసేసా. నాలుగేళ్ళు దాటిన పిల్లలుండి, పక్కన కూర్చునే పెద్దవాళ్ళు ఒకరుంటే కొనండి, కొన్నరోజే రై గడ్డి విత్తనాలు కూడా విడిగా తెచ్చి పెట్టుకోండి. బహుమతిగా ఇద్దామనుకునేవాళ్ళు కూడా డబ్బాలో రై విత్తనాల పాకెట్ ఒకటి పెట్టి ఇవ్వండి, లేకపోతే మొలవని బొమ్మ గురించి మీకే ఫోన్ వస్తుంది. కంపెనీవాళ్ళు ఇది చదువుతుంటే, పాకెట్ మీద గడ్డి పేరు, పాక్ చేసిన నెల రెండూ ప్రింట్ చేయించండి, ఆ మందం సాక్సు తీసేసి ఇంకో పల్చటిది పెట్టండి.